వనవాసి ఎవరు? కొండపల్లె జీవితం – సాహిత్యదృష్టి

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతా మహానగరానికి ఎదురుగా, షిబ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న షాలిమార్ పేరు తెలుగువారికి ప్రధానంగా ఒక రైల్వేస్టేషను పేరుగానే పరిచయం. చిరకాలం సరకుల రవాణాకు పరిమితమై ఉండి, ఇటీవలి దశాబ్దాల్లో దూరప్రయాణాల కేంద్రంగా పెరిగిన ఈ స్టేషను నుంచి సాగే ఆగ్నేయ రైల్వే మార్గం ఖరగ్‌పూర్ వద్ద రెండుగా చీలుతుంది. ఒక పాయ పడమరగా సాగి ఘాట్‌శిల కొండల మధ్యకు వెళ్తుంది. మరొక పాయ దక్షిణంగా తిరిగి ఒడిశా తీరాన్ని దాటి, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల మీదుగా సామర్లకోటకు చేరుతుంది. ఈ రెండో దారిలో ప్రయాణించేవారికి కుడివైపున చాలాసేపు తూర్పుకనుమలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ కొండల మడతల్లో పది ఇళ్లో, ఇరవై ఇళ్లో ఉన్న పల్లెలు వందలాదిగా ఉన్నాయి. రైలు కిటికీలోంచి కొండ కనిపిస్తుంది గాని పల్లె కనిపించదు.

సాహిత్యంలో కూడా చాలాకాలం ఇదే జరిగింది. అడవిని వర్ణించిన రచనలు మనకు తక్కువేమీ కావు. అడవిలోని చిన్న ఊరిలో నివసించడం అంటే ఏమిటో చెప్పిన రచనలు మాత్రం చాలా తక్కువ. చూడడం వేరు, ఉండడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికి షాలిమార్ నుంచి చీలిన ఆ రెండు దారులూ ఉపకరిస్తాయి. ఒక దారి చివర ఉన్న సామర్లకోటలో తెలుగు అడవి చెట్లకు శాస్త్రలోకంలో పేర్లు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ పనిచేశాడు. మరొక దారి మీది ఘాట్‌శిలలో, అడవి గురించి భారతీయ భాషల్లో వచ్చిన గొప్ప నవలల్లో ఒకటైన ‘ఆరణ్యక్’ రచయిత విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ తుదిదినాలు గడిపి 1950 నవంబరు 1న కన్నుమూశాడు.

రాక్స్‌బర్గ్ 1776లో మద్రాసుకు వచ్చిన స్కాట్లండు వైద్యుడు. 1781 నుంచి సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ పక్షాన ఉండి, అక్కడ తోట వేసి, గోదావరికి ఉత్తరాన ఉన్న కొండల్లోని మొక్కలను సేకరించాడు. ఆ కొండల్లో సహజంగా పెరిగే మిరియపు తీగ ఆయన దృష్టిని మొదట ఆకర్షించిందంటే కారణం స్పష్టమే: అది కంపెనీకి లాభసాటి సరకు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లను అడిగి తెలుసుకొని నమోదు చేశాడు. ఈ కృషి ఫలితమే 1795లో మొదటి సంపుటం వెలువడి 1820 నాటికి మూడు సంపుటాలుగా పూర్తయిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అన్న ప్రసిద్ధ గ్రంథం. 1787లో రాబర్ట్ కిడ్ చొరవతో హుగ్లీ ఒడ్డున ఏర్పడిన వృక్షశాస్త్ర ఉద్యానానికి, కిడ్ మరణానంతరం 1793లో రాక్స్‌బర్గ్ పర్యవేక్షకుడయ్యాడు. షాలిమార్‌కు పొరుగునే ఉన్న ఆ తోట 2009 నుంచి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో వ్యవహరింపబడుతున్నది. ఆ విధంగా తెలుగు కొండల వృక్షజ్ఞానం సామర్లకోట నుంచి షాలిమార్ పొరుగుకు తరలివచ్చింది.

దానితోపాటు కొన్ని తెలుగు మాటలు కూడా తరలివచ్చాయి. సోమిద చెట్టు ఇందుకు మంచి ఉదాహరణ. దాని చేదు బెరడు జ్వరానికి మందు. ఆ సంగతి అడవిలో ఉన్నవారికి తెలుసు. వారి నుంచి రాక్స్‌బర్గ్‌కు తెలిసింది. ఆయన నుంచి ఐరోపా వైద్యులకు తెలిసింది. నేటికీ ఆ చెట్టు ప్రజాతి నామం ‘సోయ్‌మిడా’. అంటే ఒక కొండపల్లె మాట లాటిన్ వేషంలో ప్రపంచమంతా చెలామణి అవుతున్నది. అయితే ఆ మాట చెప్పినవాడెవడు? ఏ ఊరివాడు? జ్వరం వచ్చిన బిడ్డకు ఆ బెరడు కషాయం కాచిన తల్లి ఎవరు? గ్రంథంలో చెట్టు ఉంది, ఆకు ఉంది, పువ్వు ఉంది, కాయను కోసి చూపిన బొమ్మ ఉంది. పేరు చెప్పిన మనిషి మాత్రం లేడు. ఇది రాక్స్‌బర్గ్ వ్యక్తిగత లోపం కాదు. ఆయన శాస్త్రానికి ఆ మనిషితో పని లేదు. కాని సాహిత్యానికి మొట్టమొదట కావలసింది ఆ మనిషే. శాస్త్రం విడిచిపెట్టిన చోట సాహిత్యం మొదలుపెట్టిందా అన్నదే పరిశీలించవలసిన విషయం.

ఈ దృష్టితో చూసినప్పుడు 1939లో పుస్తకంగా వెలువడిన ‘ఆరణ్యక్’ విశిష్టత తెలుస్తుంది. విభూతిభూషణ్ కొంతకాలం భాగల్పూర్ ప్రాంతంలో ఒక జమీందారీ ఎస్టేటులో సహాయ మేనేజరుగా పనిచేశాడు. ఆ అనుభవమే నవలకు ఆధారం. కథ చెప్పే సత్యచరణ్ కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతూ, మిత్రుడి కుటుంబానికి చెందిన వేలాది బిఘాల అటవీభూమికి మేనేజరుగా వెళ్తాడు. అతని పని ఆ అడవిని కొట్టించి, కౌలుదార్లకు పంచి, జమీందారుకు శిస్తు రాబట్టడం. మొదట్లో నగరం కోసం అల్లాడిపోయినవాడు క్రమంగా అడవికి బందీ అవుతాడు. అడవిని ప్రేమించిన వ్యక్తి చేతులతోనే అడవి నశించడం ఈ నవలలోని ప్రధాన విషాదం.

ఈ నవలను ప్రకృతి వర్ణనల భాండాగారంగా మెచ్చుకోవడం పరిపాటి. నిజానికి అందులో వెన్నెల ఎంత ఉందో ఆకలి అంత ఉంది. అన్నం అన్నమాట వినగానే క్రోసుల దూరం నుంచి పిల్లలతో నడిచివచ్చే పేదలున్నారు. గడ్డిగింజలు ఉడికించుకొని ఏడాదిలో చాలా భాగం గడిపేవారున్నారు. విస్తళ్లలో మిగిలిన మెతుకులు పిల్లల కోసం పట్టుకుపోయే కుంత ఉంది. ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి, ఎవరూ చూడని సరస్వతీకుండం ఒడ్డున నాటుతూ తిరిగే యుగళప్రసాద్ ఉన్నాడు. అడవి దున్నలను వేటగాళ్ల గోతుల్లో పడకుండా చేయి అడ్డుపెట్టి ఆపే టాండ్‌బారో అనే దేవుడున్నాడు. అక్కడివారు దేనికి భయపడతారో, దేన్ని పూజిస్తారో, ఏమి తింటారో రచయితకు తెలుసు. రాక్స్‌బర్గ్ గ్రంథంలో లేని మనిషి ఇక్కడ పేరుతో, ఊరితో, కంచంతో సహా ప్రత్యక్షమయ్యాడు. ఈ నవల సాధించిన ఘనత ఇదే.

అయినా ఒక పరిమితి మిగిలే ఉంది. దాన్ని నవలే దాచకుండా చూపిస్తుంది. సంతాల్ రాజు దోబ్రూ పన్నా వంశానికి చెందిన భానుమతితో సత్యచరణ్ మాట్లాడే సన్నివేశం విమర్శకులకు సుపరిచితం. భారతవర్షం పేరు విన్నావా అని అతడు అడుగుతాడు. ఆమె వినలేదు, అది ఏ దిక్కున ఉందని తిరిగి అడుగుతుంది. ఈ ఘట్టాన్ని సాధారణంగా ఆ పిల్ల అమాయకత్వానికో, మన నాగరికత చేసిన నిర్లక్ష్యానికో గుర్తుగా చదువుతారు. మరొక విధంగా కూడా చదవవచ్చు. భానుమతికి భారతవర్షం తెలియకపోవడం ఒక ప్రశ్న అయితే, భారతవర్షానికి ఆమె ఊరు తెలియకపోవడం అంతకన్నా పెద్ద ప్రశ్న. మొదటి ప్రశ్న అడగడానికి మేనేజరు ఉన్నాడు. రెండో ప్రశ్న అడగవలసిన భానుమతి చేతిలో కలం లేదు. ఆమె అడిగిన ఆ చిన్న ఎదురుప్రశ్నే నవల మొత్తంలో ఊరి పక్షాన వినిపించిన గట్టి మాట.

నవల నిర్మాణం కూడా ఇదే చెబుతుంది. కథ కలకత్తాలోని మైదానంలో జ్ఞాపకంగా మొదలవుతుంది. అడవి అధిదేవతలను క్షమాపణ వేడుకోవడంతో ముగింపుకు వస్తుంది. అంటే అడవి అంతా వెళ్లిపోయినవాడి జ్ఞాపకం. అతడు అక్కడ బ్రతికాడు, కాని అక్కడివాడు కాలేదు. తిరిగి వెళ్లగల చోటు ఉన్నవాడి ప్రేమకూ, మరో చోటు లేనివాడి ప్రేమకూ తేడా ఉంటుంది. విభూతిభూషణ్ నిజాయితీ ఏమిటంటే, తన కథకుణ్ణి అడవికి ఆప్తుడిగానే గాక అపరాధిగా కూడా నిలబెట్టాడు. చాలామంది తరువాతి రచయితలకు ఈ రెండో భాగం అబ్బలేదు. వారు ఆప్తత్వాన్ని మాత్రమే అనుకరించారు.

ఈ నవలను సూరంపూడి సీతారాం తెలుగులోకి ‘వనవాసి’ పేరుతో అనువదించారు. తెలుగు పాఠకుల్లో ఒక తరం అడవిని ఈ పుస్తకం ద్వారానే ప్రేమించిందనడంలో అతిశయోక్తి లేదు. అయితే పేరు మారడంతో కలిగిన అర్థభేదం గమనార్హం. ‘ఆరణ్యక్’ అంటే అరణ్యానికి సంబంధించినది. అది పుస్తకానికి తగిన పేరు. వేదవాఙ్మయంలోని ఆరణ్యకాలను స్ఫురింపజేస్తుంది. ‘వనవాసి’ అన్నది మనిషి పేరు. వనంలో నివసించేవాడు అని అర్థం. ఆ మనిషి ఎవరు? సత్యచరణ్ అనుకుంటే, అతడు కొన్నేళ్లుండి వెళ్లిపోయిన ఉద్యోగి. భానుమతి, యుగళప్రసాద్, కుంత అనుకుంటే, వారెవరూ కథ చెప్పలేదు. అనువాదకుడు పెట్టిన పేరు తెలిసో తెలియకో ఒక ప్రశ్నను తెలుగు సాహిత్యం ముందుంచింది. ఆ ప్రశ్నకు సమాధానం తెలుగు రచనల్లోనే వెతకాలి.

తెలుగులో ‘వనవాసం’ అనే మాటకు ఉన్న బరువు కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. రామాయణం వల్ల ఆ మాట మనకు నగరం నుంచి వెళ్లగొట్టబడినవారి కష్టాన్ని సూచిస్తుంది. పద్నాలుగేళ్ల గడువు తీరగానే తిరిగి రావలసిన చోటు అడవి. జనవిశ్వాసం సీతారాముల పర్ణశాలను భద్రాచలం చేరువలో నిలిపింది. ఆ పర్ణశాల చుట్టూ తరతరాలుగా ఉన్న కోయగూడేలకూ, కొండరెడ్ల పల్లెలకూ అడవి వనవాసం కాదు, అది ఇల్లు. ఒకే చోటు ఒకరికి శిక్ష, మరొకరికి జన్మస్థలం. మన భాష మొదటి అర్థాన్నే స్థిరపరచుకుంది. పాలనావ్యవహారంలో కూడా చాలాకాలం ఇదే భావం చెల్లింది. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అన్న మాట కార్యాలయాల్లో కొత్తది కాదు. ఎప్పుడు గడువు తీరుతుందా అని రోజులు లెక్కించే ఉద్యోగి చూపుకు ఊరు కనిపించదు. రచయితది కూడా అటువంటి చూపే అయితే అతని పుస్తకంలోనూ ఊరు కనిపించదు.

తెలుగులో కొండప్రాంతాన్ని సాహిత్యంలోకి బలంగా తెచ్చినవి తిరుగుబాట్లు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం జరిపిన దాడులతో మన్యం పేరు తెలుగునాట ఇంటింటా వినిపించింది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము నేలకొరిగాడు. ఆ పోరాటాన్ని సాహు, అల్లం రాజయ్య ‘కొమురం భీము’ నవలగా మలిచారు. గోండుల భూమి, అటవీశాఖ ఆంక్షలు, పట్టాలేని సేద్యం, పశువుల మేతపై పన్ను మొదలైన వాటి నుంచే తిరుగుబాటు పుట్టిందని చూపడం ఈ ధోరణి రచనలు సాధించిన మేలు. 1882 నాటి మద్రాసు అటవీచట్టం వంటి శాసనాలు పోడు కొట్టుకునే ఊరిమీద ఎలా పడ్డాయో చరిత్ర పుస్తకాలకన్నా కథలే జనానికి బాగా తెలియజెప్పాయి.

అయితే పోరాటసాహిత్యంలోని కాలం పోరాటకాలమే. అందులో కొండపల్లె ఒక రంగస్థలం. అసాధారణమైన రోజుకు నేపథ్యం. తిరుగుబాటు లేని రోజున ఆ ఊరివారు ఏమి చేస్తారు? ఏ చెలమ నీళ్లు తెచ్చుకుంటారు? సంతకు ఏ రోజు వెళ్తారు? సామలు అయిపోయాక ఏమి తింటారు? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచవచ్చు. కాని ఊరంటే ఈ ప్రశ్నలకు ప్రతిరోజూ వెతుక్కునే సమాధానమే. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ వంటి ఉత్తమ రచన కూడా, తప్పిపోయిన పంది కోసం అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడి ఒక్క రాత్రి కథ. అడవి అక్కడ మనిషి బలాన్ని పరీక్షించే శక్తి. ఆ పరీక్షను అంత నిశితంగా చిత్రించిన తెలుగు నవల మరొకటి కనిపించదు. కాని అది నివాసం గురించిన నవల కాదు. కావాలని రచయిత ఉద్దేశించనూ లేదు.

నివాసాన్ని ఓపికగా నమోదు చేసినవారు విచిత్రంగా సాహిత్యం వెలుపలి నుంచి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదు గోండుల మధ్య గడిపారు. చెంచుల మీద 1943లో, పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. ఆదిలాబాదు కొండల్లోని మార్లవాయి అనే చిన్న గోండు గ్రామంలో వారు గుడిసె వేసుకొని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. 1987లో మరణించిన బెట్టీని ఆ ఊళ్లోనే సమాధి చేశారు. 1995లో లండనులో మరణించిన ఆయన అస్థికలను తరువాత తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఆ ఊరివారు నేటికీ వారిని స్మరించుకుంటారు. సత్యచరణ్ వలె వీరు కూడా బయటివారే. కాని ఊరు తమను జ్ఞాపకం పెట్టుకునేటట్లు ఉండగలిగారు. చూడడానికీ ఉండడానికీ మధ్య దూరాన్ని బయటివారు సైతం కొంతవరకు దాటగలరని మార్లవాయి నిరూపిస్తున్నది.

హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల గ్రంథంలో రచయితలు నేర్చుకోదగినది ఒకటి ఉంది. అది ఏడాదిని చూసే తీరు. కొండపల్లెలో ఏడాది ఉగాదితో మొదలై ఉగాదితో ముగిసే వృత్తం మాత్రమే కాదు. నిండిన గాదెకూ ఖాళీ గాదెకూ మధ్య సాగే ప్రయాణం. పోడు కొట్టడం, ఎండబెట్టడం, తగలబెట్టడం, తొలివానకు జొన్న, సామ, చోడి, కంది విత్తడం ఒక వరుస. వేసవిలో ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకు ఏరి సంతకు మోయడం మరొక వరుస. వానాకాలంలో పాత గింజ అయిపోయి, కొత్త గింజ ఇంకా రాని నెలల్లో మామిడిటెంకల పిండి, అడవి దుంపలు, జీలుగు చెట్టు మొవ్వలోని పిండి మనిషిని నిలబెడతాయి. కొత్త పంటను దేవుడికి పెట్టకుండా ఎవరూ నోట పెట్టకూడదన్న కొత్తల పండుగ నియమం వెనుక ఆ ఆకలి నెలల జ్ఞాపకం ఉంది. ఊరికి అడవి అందంగా కనిపించే వానాకాలమే గెడ్డలు పొంగి దారులు తెగిపోయే కాలం; జ్వరాలు వచ్చే కాలం; రోగిని డోలీలో మోసుకొని కొండ దిగవలసిన కాలం. అడవి పచ్చగా ఉన్నప్పుడు ఊరు ఆకలిగా ఉంటుందన్న ఈ ఒక్క విషయం తెలియని రచన ఎంత రమ్యంగా ఉన్నా, అది కిటికీలోంచి చూసి రాసినదే.

ఇటీవలి దశాబ్దాల్లో ఈ పరిస్థితి మారుతున్నది. తూర్పుగోదావరి మన్యంలోని శరభవరం అనే చిన్న గ్రామంలో పుట్టి పెరిగిన వాడ్రేవు చినవీరభద్రుడు తన కవిత్వంలోనూ వచనంలోనూ ఆ ఊరిని పలుమార్లు స్మరించారు. గిరిజన సంక్షేమశాఖలో ఉద్యోగిగా పనిచేసిన అనుభవాలను ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’ అన్న పుస్తకంలో రాశారు. ఊరి బిడ్డ చూపు, అధికారి చూపు ఒకే మనిషిలో ఉండడం ఆయన రచనల ప్రత్యేకత. బడి లేని ఊరికి బడి ఇవ్వడం ఒక ఉత్తరువుతో అయ్యే పని కాదని, ఆ ఊరు బడిని తనదిగా భావించాలని ఆ పుస్తకం చెబుతుంది. ఏజెన్సీ ఉద్యోగాన్ని వనవాసంగా భావించే అధికారికి ఇది పాఠ్యగ్రంథం కాదగినది.

పార్వతీపురం ప్రాంతపు కొండల నుంచి వచ్చిన మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలు మరొక అడుగు ముందుకు వేశాయి. ఇవి ఆదివాసీ సమాజం లోపలి నుంచి వచ్చిన కథలు. వీటిలో కొండ వర్ణన తక్కువ. కొండతో పని ఎక్కువ. ఇంటి ముందు చింతచెట్టు ఉన్నవాడు దాని అందాన్ని గురించి ఉపన్యసించడు, ఈ ఏడు కాపు ఎంత అని చూస్తాడు. ఆ చూపే ఈ కథలకు బలం. మైదానపు పాఠకుడు ఆశించే అద్భుతం ఇందులో దొరకదు. దొరకకపోవడమే వీటి నిజాయితీకి గుర్తు. అదే విధంగా తెలంగాణ తండా జీవితం నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథల సంపుటికి 2024లో సాహిత్య అకాడెమీ యువపురస్కారం లభించింది. ఢావ్లో అన్నది బంజారా స్త్రీలు దుఃఖంతో పాడే పాట పేరు. ఒక లిపిలేని భాషలోని పాట పేరు తెలుగు పుస్తకానికి శీర్షిక కావడం చిన్న విషయం కాదు. రాక్స్‌బర్గ్ కాలంలో సోమిద అన్న మాట ఒంటరిగా ప్రయాణించింది. ఇప్పుడు మాట, మాట చెప్పిన మనిషి కలిసి ప్రయాణిస్తున్నారు.

ఇక్కడ భాష గురించి ఒక చిక్కు ఎదురవుతుంది. కొండపల్లె మాటలు ప్రామాణిక తెలుగులోకి వచ్చినప్పుడు సంపాదకులు వాటిని తొలగించడమో, ప్రతి మాటకూ అడుగున అర్థం ఇవ్వడమో చేస్తారు. తొలగిస్తే ఊరు పోతుంది. ప్రతి మాటకూ అర్థం ఇస్తే ఊరు ప్రదర్శనశాల అవుతుంది. చెంచుల పెంట, కోయల గూడెం, గోండుల గూడ, బంజారాల తండా అన్నవి ఒకే వస్తువుకు నాలుగు పేర్లు కావు. నాలుగు రకాల నివాసాలు, నాలుగు రకాల బంధుత్వాలు. వాటన్నిటినీ ‘గిరిజన గ్రామం’ అన్న ఒక్క మాటలో ఇమిడ్చడం దస్తావేజులకు సౌకర్యం కావచ్చు, సాహిత్యానికి నష్టం. పాఠకుడు కొంత శ్రమపడి సందర్భం నుంచి అర్థం గ్రహించడమే ఆ ఊరికి ఇచ్చే గౌరవం. పొరుగూరికి వెళ్లినవాడు అక్కడి మాటలు నేర్చుకోవడం మర్యాద గదా!

అలాగని కొండపల్లె గురించి అక్కడ పుట్టినవారే రాయాలని శాసించడం సరికాదు. అటువంటి నియమం ఉంటే ‘ఆరణ్యక్’ పుట్టదు. ‘కొమురం భీము’ పుట్టదు. మార్లవాయి చరిత్ర ఉండదు. పుట్టుక ఒక్కటే రచనకు విలువ ఇవ్వదు. లోపలివారు కూడా నగరపాఠకుడి అభిరుచికి తగినట్లు తమ ఊరిని అలంకరించే ప్రమాదం లేకపోలేదు. విమర్శ అడగవలసినది రచయిత జన్మస్థలాన్ని కాదు, రచనలో అతడు నిలబడిన చోటును. తాను ఎవరి పక్షాన అడవిలోకి వచ్చాడో సత్యచరణ్‌కు తెలుసు, పాఠకుడికీ తెలుసు. తానెక్కడ నిలబడ్డాడో చెప్పని రచనే అనుమానించదగినది.

ఈ చర్చ కేవలం సాహిత్యశాస్త్రానికి సంబంధించినది కాదు. పోలవరం జలాశయం కింద పాపికొండల పరిసరాల్లోని కొండరెడ్ల, కోయల పల్లెలు అనేకం ముంపు జాబితాలో చేరాయి. వాటిలో కొన్ని ఇప్పటికే మైదానపు కాలనీలకు తరలివెళ్లాయి. హైమన్‌డార్ఫ్ 1940లలో నమోదు చేసిన జీవితం సాగిన గట్లు నీటి కిందికి పోతున్నాయి. నష్టపరిహారం లెక్కలో ఇల్లు ఉంటుంది, భూమి ఉంటుంది, చెట్టు ఉంటుంది. ఏ వాగు దగ్గర ఏ దుంప దొరుకుతుందో, ఏ గట్టుకు ఏ పేరో, ఏ చెట్టు కింద ఏ దేవత కొలువో తెలిసిన జ్ఞానానికి ఏ లెక్కలోనూ పద్దు లేదు. జీలుగు చెట్టు లేని కాలనీలో పెరిగే పిల్లవాడికి ఆ మాట నిఘంటువులో కూడా దొరకకపోవచ్చు. ఊరు కదిలిపోయిన తరువాత ఊరు మిగిలేది మాటల్లోనే. ఆ మాటలు కూడా సరిగా రాయబడకపోతే రెండోసారి ముంపు జరిగినట్లే.

ఈ విషయంలో ఆదర్శం మనకు వెలుపల వెతుక్కోనక్కరలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి కొండలు దిగివచ్చే సవరలతో మాట్లాడాలని వారి భాష నేర్చుకున్నాడు. వారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పే ప్రయత్నం చేశాడు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించాడు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను ఏటా స్మరించే తెలుగువారు, ఆ ఉద్యమం వెనుక సవరగూడెం నేర్పిన పాఠం ఉందన్న సంగతిని తరచు మరుస్తారు. మాట్లాడే భాషకు గౌరవం ఇవ్వాలన్న ఎరుక ఆయనకు ఆ కొండల సాంగత్యంలో బలపడి ఉంటుందనుకోవడం అసంగతం కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కోలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో ప్రాథమిక వాచకాలతో ప్రారంభించిన బోధన గిడుగు మార్గానికి కొనసాగింపే. ఇటువంటి కార్యక్రమాలు సంక్షేమ పద్దు కింద మాత్రమే లెక్కింపబడుతున్నాయి. ఇవి సాహిత్య కార్యక్రమాలు కూడా. ఈ వాచకాలు చదివిన పిల్లల్లోంచే రేపటి రచయిత రావాలి.

అందువల్ల కొండపల్లె సాహిత్యాన్ని ప్రోత్సహించదలచిన సంస్థలు బహుమతులతో సరిపెట్టుకోకుండా, ముంపు గ్రామాల మాటలను, స్థలనామాలను, పాటలను ఆ ఊళ్ల పెద్దలు జీవించి ఉండగానే సేకరించే పనికి పూనుకోవాలి. సేకరించినప్పుడు చెప్పినవారి పేరు, వారి ఊరి పేరు తప్పక నమోదు చేయాలి. 1790లలో జరిగిన పొరపాటు మరల జరగకూడదు. ఆ సేకరణ ఆ భాషలోనూ తెలుగులోనూ అచ్చయి, మొట్టమొదట ఆ కాలనీల బడులకే చేరాలి. విమర్శకులు కూడా తమ కొలమానాన్ని సరిచూసుకోవాలి. అడవిని ఎంత అందంగా వర్ణించాడన్నది కాక, ఆ ఊరి ఏడాదిని ఎంత తెలిసి రాశాడన్నది ప్రమాణం కావాలి.

‘ఆరణ్యక్’ తెలుగులో ‘వనవాసి’ అయినప్పుడు ఆ పేరుకు తగిన మనిషి పుస్తకంలో మౌనంగానే ఉన్నాడు. ఇప్పుడిప్పుడే ఆ మనిషి తెలుగులో తన కథ తాను చెప్పుకోవడం మొదలుపెట్టాడు. తన నివాసాన్ని వనవాసమని అతడు అనడం లేదు; మా ఊరు అంటున్నాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడాను గ్రహించడమే తెలుగు సాహిత్యం ముందున్న పని. కొండల్లో పాలన చేసేవారి ముందున్న పని కూడా అదే.